పాలలో కలిపిన మందు

ఆళ్ళగడ్డ,
12 నవంబరు 1958

చి. సౌ. ఇందుమతికి,

మీ వదిన దీవించి రాస్తున్నది. నేనూ నా అంగడీ బాగానే ఉన్నాం. మీరిద్దరూ, మీ మందుల అంగడీ బాగున్నట్టు తలుస్తాను.

ఒక సంగతి అడగాలి. నవ్వొద్దు. మా తమ్ముడికి ఇప్పుడే చెప్పనూ వద్దు.

ఇక్కడ ఓబులేసు అని గొర్రెల కాపరి ఒకడున్నాడు. అహోబిలం కొండ కింద మంద మేపుకుంటాడు. ఉప్పుకూ మిరపకాయలకూ నా దగ్గరికే వస్తాడు. పది రోజుల కిందట అతని కుక్కను అడవిపంది కొట్టింది. తొడ చీలిపోయింది. పసుపు నూరి కట్టాడు. పైన మూసుకుంది గాని లోపల చీము పట్టింది. నిన్న దాన్ని గోనెసంచిలో మోసుకొచ్చి మా అరుగు మీద దించాడు. ఒళ్ళు కాలిపోతోంది. తల కూడా ఎత్తలేదు.

ఓబులేసు అడిగిన మాట ఉన్నదున్నట్టు రాస్తాను. “అమ్మా, మా రంగమ్మకు పురిటిలో జొరమొస్తే నంద్యాల నుంచి గొట్టం మాత్రలు తెప్పిచ్చి బతికిచ్చిరి గదా. ఆ మందు దీనికెయ్యగూడదా? దీంట్లో పారేదీ రగతమే గదా?”

ఆ మందు కుక్కకు వేయొచ్చో లేదో నీవే కనుక్కుని రాయాలి. ఆ కుక్క లేకపోతే కొండ కింద మంద నిలవదు, అది నిజం. అయితే నేను రాస్తున్నది దానికోసం ఒక్కటే కాదు. నిన్నటి నుంచి నా బుర్రలో ఇంకో ప్రశ్న తిరుగుతోంది. నోట్లో వేసిన మాత్రకు పుండు తొడలో ఉందని ఎలా తెలుస్తుంది? నీవు పది దాకా చదివినదానివి. చెప్పు.

మీ వదిన,
వాసవాంబ


నంద్యాల,
15 నవంబరు 1958

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. చెప్పొద్దన్నారు గాని, ఆయనకు చెప్పకుండా అంగడిలో మాత్ర తీయడం నా వల్ల కాలేదు. మీ తమ్ముడు గట్టిగానే అరిచారు. “డాక్టరు చీటీ లేందే ఆ మాత్ర మనిషికే ఇయ్యగూడదు. కుక్క చీటీ యాడ తెస్తాదంట మా యక్క?”

అరిచి, కాసేపయ్యాక తనే అన్నారు, “ఎనకింటి శేషయ్య గారిని అడిగి రాపో” అని. శేషయ్య గారు పశువుల డాక్టరుగా చేసి మొన్ననే పని విరమించారు. నేను వెళ్ళేసరికి పెరట్లో మెంతికూర మళ్ళకు నీళ్ళు కడుతున్నారు. అంతా విని, “కుక్క అంటే చిన్న మనిషి కాదమ్మా. మనిషి మోతాదు సగం చేసి వేస్తే సరిపోతుందనుకోవద్దు. బరువెంతో తూచి చెప్పండి, చీటీ నేను రాస్తా. పుండు కింది వైపు చీము కారే దారి మూసుకోకుండా చూడాలి. దారి లేకుంటే ఏ మాత్రా పని చేయదు” అన్నారు.

మీ ప్రశ్న కూడా అడిగాను. మాత్రకు ఏమీ తెలియదట. కడుపులోంచి నెత్తురులోకి ఎక్కి, నెత్తురు పోయే చోటికల్లా పోతుందట. పుండు ఉన్న చోట పని దొరుకుతుంది, లేని చోట ఊరికే పోతుంది, అంతేనట. అంటే ముందు కడుపు దాటాలన్నమాట. నాకు ఇది ఎంతో బాగా నచ్చింది.

కుక్కను తూచి రాయండి.

మీ మరదలు,
ఇందుమతి


ఆళ్ళగడ్డ,
18 నవంబరు 1958

చి. సౌ. ఇందుమతికి దీవెనలు.

తూచాం. శనక్కాయల బస్తాలు తూచే కాటా మీదికి కుక్కను గోనెసంచితో సహా ఎక్కించాం. ఓబులేసు దాని తల పట్టుకుని “కదలాకు నాయనా” అని బతిమాలుతుంటే వీధి వీధంతా మా అరుగు ముందే నిలబడింది. గోనె పోగా పదమూడు వీశెలు తూగింది. ఒకాయన, “ఏందమ్మా వాసవాంబా, ఇప్పుడు కుక్కల బేరం పెట్నావా?” అన్నాడు. “ఔనప్పా, నువ్వూ ఎక్కు, తూకమేస్తా” అన్నాను. మళ్ళీ నోరెత్తలేదు.

కాటా ఖాళీగా ఉంది కదా అని మా అంగడి పిల్లిని కూడా తూచాను. రెండున్నర వీశెలు. దీన్నెందుకంటావా? వేరే పిల్లి కరిచి దవడ నిమ్మకాయంత వాచింది. తిండి ముట్టడం లేదు. ఇది లేకపోతే నా కందిపప్పు అంతా ఎలుకలపాలు. దీని సంగతి కూడా శేషయ్య గారికి చెప్పు.

వాసవాంబ


నంద్యాల,
21 నవంబరు 1958

వదినగారికి,

బస్సు కండక్టరు చేతికి పొట్లం ఇచ్చి పంపుతున్నాను. శేషయ్య గారు రెండు చీటీలు రాశారు. రిజిస్టరులో రోగి పేరు అనే చోట ఏం రాయాలో తెలియక మీ తమ్ముడు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నారు. చివరికి “ఓబులేసు గారి కుక్క” అని రాశారు. కుక్కకు గారు పెట్టారా, ఓబులేసుకు పెట్టారా అని అడిగితే నవ్వేశారు.

కుక్కకు పూటకొకటి, రోజుకు మూడు, పద్నాలుగు రోజులు. పిల్లికి ఒక గొట్టం విప్పి పసుపుపచ్చటి పొడిని ఎనిమిది భాగాలు చేసి, పూటకొక భాగం. పుండు మానినట్టు కనిపించినా మధ్యలో ఆపవద్దు. “పిల్లిని కనిపెట్టి ఉండమనండి. దాని ఒళ్ళు కుక్క ఒళ్ళంత మొండిది కాదు” అన్నారు శేషయ్య గారు. ఎలా ఉందో రోజూ గమనించి రాయండి.

ఇందుమతి


ఆళ్ళగడ్డ,
28 నవంబరు 1958

చి. సౌ. ఇందుమతికి,

కుక్క లేచింది! నాలుగో రోజు జ్వరం దిగింది. ఐదో రోజు కుంటుకుంటూ మా అరుగు దాకా వచ్చి ఓబులేసు చెప్పుల మీద పడుకుంది. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చీము తగ్గి, లోపల ఎర్రగా కొత్త కండ కనిపిస్తోంది.

పిల్లికి మాత్రం వీసమెత్తు గుణం లేదు. ఆరు రోజులయింది. దవడ వాపు అలాగే ఉంది. మందు ఒకటే. నేనే పొడి చేసి, నేనే తాగిస్తున్నాను. కుక్కకు ఓబులేసు కొర్రన్నం ముద్దలో పెట్టి మింగిస్తాడు. పిల్లికి నేను గిన్నెడు పాలలో కలిపి పెడతాను. చుక్క మిగల్చకుండా నాకుతుంది. మందు లోపలికి పోలేదనడానికి లేదు.

మరి ఎందుకు ఒకటి లేచింది, ఒకటి లేవలేదు? రాత్రి పడుకున్నా ఇదే ఆలోచన.

వాసవాంబ


నంద్యాల,
2 డిసెంబరు 1958

వదినగారికి,

“పిల్లి పిల్లే, కుక్క కుక్కే” అంటారు శేషయ్య గారు. కావచ్చు. కానీ నాకు అంతటితో తృప్తి కలగలేదు. అంగడిలో జనం లేని వేళ కూర్చుని తేడాలన్నీ రాసుకున్నాను. జంతువు వేరు. పుండు ఉన్న చోటు వేరు. తొడ పుండుకు చీము కారే దారి ఉంది, దవడకు లేదు. మోతాదు వేరు. ఒకటి కొర్రన్నంలో, ఒకటి పాలలో. వీటిలో ఏది కారణం?

అన్నీ ఒకేసారి మార్చవద్దు వదినా. ఒక్కటే మార్చి చూడండి. రెండు మారిస్తే ఏది పని చేసిందో మనకు ఎన్నటికీ తెలియదు. శేషయ్య గారిని అడిగి ఇంకో వారానికి మాత్రలు పంపుతున్నాను.

మీ తమ్ముడు ఈ ఉత్తరం చూసి, “మందుల అంగడి నాదా, మీ ఇద్దరిదా?” అంటున్నారు. ఆయనకు కొంచెం జలుబు చేసింది, అంతే.

ఇందుమతి


ఆళ్ళగడ్డ,
12 డిసెంబరు 1958

చి. సౌ. ఇందుమతికి,

నిదానంగా చదువు. ఇందులో తొందరపడి రాసింది ఏమీ లేదు.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు ఓబులేసు మొహం వేలాడేసుకుని వచ్చాడు. మానుతున్న పుండు మళ్ళీ చీము కారుతోందట. మాత్రలు ఆపావా అంటే, లేదన్నాడు. ఏం తేడా చేశావని గుచ్చి గుచ్చి అడిగాను. చివరికి చెప్పాడు. “కుక్క బక్కచిక్కిందని మా రంగమ్మ కొర్రన్నం మాన్పిచ్చి, మేకపాలలో ఏసి తాపిస్తాందమ్మా, నాలుగు దినాల నుంచి.”

నా చేతిలోని తక్కెడ అలాగే ఆగిపోయింది.

పాలు ఆపించాను. మాత్ర, మోతాదు, కట్టు ఏదీ మార్చలేదు. మూడో రోజుకు చీము తగ్గింది. ఇప్పుడు పుండు పూడింది. పిల్లికీ పాలు మాన్పించి, పొడిని నెయ్యిలో రంగరించి నాలుక మీద రాస్తున్నాను. రెండు వారాలు దాటినా కదలని వాపు మూడు రోజుల్లో సగానికి దిగింది.

పాలు మందును పట్టుకుని వదలడం లేదా? పాలలో నిమ్మరసం పడితే విరుగుతుంది కదా, అలాంటిదేదో కడుపులో జరుగుతోందా? మందు ముందు కడుపు దాటాలని నీవే రాశావు. దాటనివ్వడం లేదేమో. మీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందేమో వెతుకు. మా తమ్ముడిని అడుగు.

వాసవాంబ


నంద్యాల,
18 డిసెంబరు 1958

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పుస్తకాలు చూడడానికి తీరిక లేదు. తర్వాత రాస్తాను.

ఇందుమతి


ఆళ్ళగడ్డ,
20 డిసెంబరు 1958

ఇందుమతికి,

నీ కార్డు మూడుసార్లు చదివాను. ప్రతి ఉత్తరంలో మా తమ్ముడు ఏదో ఒకటి అంటాడు, అరుస్తాడు, నవ్వుతాడు. ఈ కార్డులో వాడు లేడు. నీ అక్షరాలు కూడా నీవి కావు. పైకీ కిందికీ పోయాయి.

ఏమయింది? నా దగ్గర దాచొద్దు. పిల్లి సంగతి తర్వాత రాస్తాను. ముందు వాడెలా ఉన్నాడో రాయి.

వాసవాంబ


నంద్యాల,
22 డిసెంబరు 1958, ఉదయం

వదినా,

కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. తిరుగు బస్సుకు జవాబు ఇవ్వండి.

ఆయనకు జలుబు రొమ్ములోకి దిగింది. పదమూడో తేదీ నుంచి జ్వరం. “అక్కకు రాయాకు. మా నాయన పోయిందీ ఈ జబ్బుతోనేనని ఏడుస్తా కూచుంటాది” అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అందుకే దాచాను. క్షమించండి.

డాక్టరు గారు రోజూ వచ్చి చూస్తున్నారు. మనిషి మంచివాడు. ఇచ్చింది అదే మాత్ర, మీ కుక్కకు ఇచ్చినదే. ఆరు రోజులు వాడాం. జ్వరం నూటమూడు. నిన్న దగ్గులో నెత్తుటి చార కనిపించింది. ఇంకో రెండు రోజులు చూసి కర్నూలుకు తీసుకుపొమ్మంటున్నారు. ఈ స్థితిలో అంత ప్రయాణం ఎలాగో తెలియడం లేదు.

మాత్ర కడుపులో మంట పెడుతుందని ప్రతి పూటా గ్లాసెడు పాలతో ఇమ్మన్నారు. అందరూ అలాగే ఇమ్మంటారు. మా అంగడిలో నేను కూడా అందరికీ అదే చెప్పాను.

పాల సంగతి మీరు రాసిన ఉత్తరం అందిన రోజే డాక్టరు గారిని అడిగాను. “పాలు బలం కదమ్మా, పాలతో ఏం చెరుపు?” అన్నారు. మీ తమ్ముడితో కుక్క సంగతి చెబితే నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నారు. “నన్ను కుక్కల్లో కలిపినారా మీరిద్దరూ?”

కుక్క చిన్న మనిషి కాదని శేషయ్య గారే అన్నారు. అలాగే మనిషీ పెద్ద కుక్క కాదు కదా. పాలు ఆపితే మాత్ర కడుపులో నిలవక వాంతి అయితే? ఉన్న కాస్త శక్తీ పోతే? ఒక్క కుక్క విషయమైతే అనుకోకుండా జరిగిందనుకోవచ్చు. పిల్లి కూడా కోలుకుని ఉంటే నేను ధైర్యం చేస్తాను. పిల్లి ఇప్పుడెలా ఉంది? అది ఒక్కటి చెప్పండి.

మీరు మాత్రం రావద్దు. మీరు గడప తొక్కితే తన పని అయిపోయిందనుకుంటారు.

ఇందుమతి


ఆళ్ళగడ్డ,
22 డిసెంబరు, మధ్యాహ్నం

ఇందుమతీ,

పిల్లి బాగుంది. వాపు పూర్తిగా పోయింది. బస్తాల మధ్య ఎలుకలు పడుతోంది.

పాలు ఆపు. మజ్జిగ, పెరుగు కూడా వద్దు. పలచటి గంజి తాపి, దాని మీద మాత్ర వెయ్యి. వాడికి చెప్పొద్దు.

వాసవాంబ


నంద్యాల,
31 డిసెంబరు 1958

వదినా,

ఈ ఉత్తరం చదివే ముందు కూర్చోండి. ఆయన ఈ పూట లేచి చారన్నం తిన్నారు. ఉప్పు తక్కువైందని కసిరారు కూడా.

మీ చీటీ అందిన సాయంత్రమే మొదలుపెట్టాను. బర్రె తన్నింది, పాలు లేవని చెప్పాను. గంజి చూసి మొహం తిప్పుకున్నారు గాని తాగారు. మొదటి రోజు ఏ మార్పూ లేదు. పైగా కడుపులో మంట అని విలవిలలాడారు. నా చేతులతో నేనే చెరుపు చేస్తున్నానేమోనని వంటింట్లో ఒక్కదాన్నే ఏడ్చాను. రెండో రోజు సాయంత్రం నూట ఒకటి. డాక్టరు గారు కర్నూలు మాట ఒక రోజు ఆపుదామన్నారు. నాలుగో రోజు తెల్లారి నుదురు ముట్టుకుంటే చెమటతో చల్లగా ఉంది.

అప్పుడు డాక్టరు గారికి నిజం చెప్పాను. “నాతో చెప్పి చేయాల్సింది. వాంతి అయి ఉంటే, ఎందుకయిందో నాకు తెలిసేది కాదు” అన్నారు. తల వంచుకున్నాను. తర్వాత కుర్చీ లాక్కుని, “మొదటి నుంచి చెప్పండి” అన్నారు. కడుపు మంటకు ఇచ్చే ఒక తెల్లటి మందు ఈ మాత్రను చెరుపుతుందని ఆయన ఎక్కడో చదివారట. పాల సంగతి మాత్రం ఆలోచించలేదట. నోటుబుక్కు తీసి అంతా రాసుకున్నారు. కొర్రన్నంతో కుక్క, మేకపాలతో కుక్క, మళ్ళీ కొర్రన్నం. పాలతో పిల్లి, నెయ్యితో పిల్లి. “ఒక మనిషి జ్వరం దిగితే రుజువు కాదు. దానంతట అదే దిగే రోజు వచ్చి ఉండొచ్చు. కానీ ఇన్ని సంగతులు ఒకే వైపు చూపిస్తుంటే కాదనలేను” అన్నారు. మద్రాసులో తనకు పాఠం చెప్పిన పెద్దాయనకు రాస్తారట.

వచ్చే వారం ఆళ్ళగడ్డ వైపు పని ఉందట. “ఆ పిల్లిని ఒకసారి చూస్తాను” అన్నారు. పాలు పెట్టకండి దానికి!

మీ ఇందుమతి


ఆళ్ళగడ్డ,
2 జనవరి 1959

ఇందుమతీ,

వాడు అన్నం తిన్నాడన్న మాట దగ్గర ఆగి, చాలాసేపు మిగతా ఉత్తరం చదవలేకపోయాను. ఆ తర్వాత డాక్టరు గారు వస్తారన్న చోటికి వచ్చాను.

పిల్లి లేదు. డిసెంబరు పదిహేడో తేదీన చచ్చిపోయింది.

వాపు దిగిన మాట అబద్ధం కాదు. దవడ మామూలుగా అయింది. కానీ ఆ తర్వాత తినడం మానింది. ఒళ్ళు వేడెక్కింది. వాంతి చేసుకుంది. కంది బస్తా వెనక పడుకుని ఇక లేవలేదు. ఎందుకు పోయిందో నాకు తెలియదు. నీవు అడిగిన రోజుకు దాన్ని పాతిపెట్టి ఐదు రోజులు.

నీ చీటీ చేతిలో పట్టుకుని అంగడి మెట్ల మీద కూర్చున్నాను. కండక్టరు “బేగా రాయమ్మా, బస్సు పోతాండాది” అని అరుస్తున్నాడు. పిల్లి చచ్చిందని రాస్తే నీవు భయపడి మళ్ళీ పాలతోనే ఇస్తావని తోచింది. కుక్క విషయంలో నేను కళ్ళారా చూశాను, పాలు పోస్తే చీము, ఆపితే మానడం. దాని మీద నాకు నమ్మకం. పిల్లి మీద నాకే అనుమానం. నమ్మకాన్ని రాసి అనుమానాన్ని మింగేశాను. వాడికి ఏదైనా అయి ఉంటే, నిన్ను ఆ దారిలోకి తోసింది నా అబద్ధమే అయ్యేది. వాడు బతికాడు గనక అది ఒప్పయిపోదు.

నీవు తేడాలన్నీ రాసుకుని ఒక్కటే మార్చి చూడమన్నదానివి. నీకు నేను లెక్క తప్పి చెప్పాను. ఏమంటావో అను.

వాసవాంబ


నంద్యాల,
9 జనవరి 1959

వదినా,

వెంటనే జవాబు రాయలేదు. కోపం వచ్చింది. రెండు రోజులు మీ ఉత్తరం మళ్ళీ ముట్టుకోలేదు. నిజం రాసి ఉంటే నేను ఏం చేసేదాన్నా అని ఎన్నిసార్లు అనుకున్నానో. మీరన్నది నిజమే, పాలతోనే ఇచ్చేదాన్ని. అది తెలిసి కోపం ఇంకా పెరిగింది.

చివరికి ఉత్తరం మీ తమ్ముడికి చూపించాను. చదివి గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి, “మా నాయన పోయేటప్పుడు కూడా ఇంతే. ‘బాగైతాడు, బాగైతాడు’ అని నా చెయ్యి పట్టుకుని అబద్ధమాడింది మా యక్క. నాకప్పుడు పదేండ్లు” అన్నారు. ఆ మాటతో నా కోపం సగం పోయింది. మిగతా సగం మీరు వచ్చినప్పుడు చూసుకుందాం.

కానీ డాక్టరు గారి నోటుబుక్కులో అబద్ధం ఉండిపోయింది. అది మాత్రం ఉండనివ్వలేను. నిన్న శేషయ్య గారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. పిల్లి చచ్చిన సంగతి చెప్పాను. అంతా చించేస్తారనుకున్నాను. ఆయన కలం తీసి పిల్లి పేరు పక్కన “వాపు దిగింది. తర్వాత మరణించింది. కారణం తెలియదు” అని రాశారు. రాసి, “మొన్న మీరు చెప్పినదాంట్లో అన్నీ గెలుపులే ఉన్నాయమ్మా. నాకు అప్పుడే కొంచెం అనుమానం. ఇప్పుడు ఈ కాగితం మద్రాసుకు పంపొచ్చు” అన్నారు.

శేషయ్య గారు మాత్రం ఆ పిల్లి దగ్గరే ఆగిపోయారు. పాల ముచ్చట వేరు, పిల్లి చావు వేరు కావచ్చంటారు. పాలు అడ్డున్నన్నాళ్ళూ మందు దాని నెత్తురులోకి ఎక్కలేదు. అడ్డు తీసేసరికి మొత్తం ఎక్కింది. వాపును దింపింది ఆ మందే, పిల్లికి పడనిదీ ఆ మందేనేమో అంటున్నారు. మోతాదు తానే ఎక్కువ రాశానేమోనని దిగులు పడుతున్నారు. “ఇంతకాలం ఎద్దులను చూసినా, పిల్లి గురించి నాకు తెలిసింది ఇంతే” అని వేళ్ళతో చిటికెడు చూపించారు.

అందుకని అడుగుతున్నాను. నెయ్యితో మొదలుపెట్టిన రోజు నుంచి పదిహేడో తేదీ వరకు పూట పూటా గుర్తు చేసుకోండి. ఎన్ని భాగాలు వేశారు? వాపు ఏ రోజుకు ఎంత దిగింది? వాంతి ముందా, తినడం మానడం ముందా? నీళ్ళు తాగిందా? గుర్తు లేనిచోట గుర్తు లేదనే రాయండి.

ఇందుమతి